మే నెల నుంచి వెనక్కి లెక్కపెట్టండి

పెంపుడు జీవాల శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచే. అన్నీ లెపర్డ్ గెక్కోల గురించే, అంటే ఇళ్లలో పెంచుకునే మచ్చల బల్లుల గురించే.

ప్రశ్న: ఫిబ్రవరి చివర్లో జత కట్టించాం. మార్చి ఆఖరు నుంచి మూడు విడతల్లో ఆరు గుడ్లు పెట్టింది. మే మూడో వారానికల్లా అన్నీ కుళ్లిపోయాయి. థర్మోస్టాట్ 29 డిగ్రీల మీదే ఉంచాం. తప్పెక్కడ? (గుణుపురం)

జవాబు: తప్పు క్యాలెండర్‌లో ఉంది. థర్మాకోల్ పెట్టె, హీట్ మ్యాట్, థర్మోస్టాట్ కలిస్తే వేడి చేయడం ఒక్కటే వస్తుంది, చల్లబరచడం రాదు. మే మధ్యాహ్నం మీ గది 37 డిగ్రీలుంటే మ్యాట్ ఆగిపోతుంది గానీ పెట్టె లోపలా 37కి చేరుతుంది. 35 దాటి కొన్ని రోజులు నిలిస్తే పిండం బతకదు. జత కట్టించడానికి ఫిబ్రవరి, మార్చి అని చెప్పే పట్టికలు చలి దేశాల వాళ్లవి. వాళ్లకు ఎండాకాలం వరం, మనకు గండం.

అందుకని మే నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 28–29 డిగ్రీల దగ్గర గుడ్డు పిల్ల కావడానికి సుమారు రెండు నెలలు. అంటే మార్చి మొదటి వారంలోపు పెట్టిన గుడ్లకే ఢోకా ఉండదు. జత కట్టాక మూడు నాలుగు వారాలకు తొలి విడత, ఆపైన రెండు మూడు వారాలకొకసారి రెండేసి గుడ్లు. కాబట్టి మగదాన్ని డిసెంబరు 20 ప్రాంతంలో వదలాలి. దానికి ముందు రెండు వారాలు వెచ్చదనం, నిండుగా మేత. అంతకు ముందు, అంటే నవంబరు మొదటి నుంచి అయిదు వారాలు విశ్రాంతి, అంటే వేడి తగ్గించి మేత ఆపి ఉంచడం. ఇలా చేస్తే మూడు విడతలు ఎండలకు ముందే చేతికొస్తాయి.

చిక్కేమిటంటే ఆడది మార్చిలో ఆగదు. ఒక్క కలయికలో అందిన వీర్యాన్ని దాచుకుని సీజనంతా గుడ్లు పెట్టగలదు. ఆ తర్వాత పెట్టే గుడ్లకు పాత ఫ్రిజ్ పనికొస్తుంది. ఎస్‌టీసీ-1000 లాంటి ఉష్ణోగ్రత కంట్రోలర్‌లో వేడికి ఒకటి, చలికి ఒకటి రిలేలు (దానంతట అవే పడే స్విచ్‌లు) ఉంటాయి. చలి రిలేకి ఫ్రిజ్, వేడి రిలేకి హీట్ మ్యాట్ కలిపించండి. వైరింగ్ ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. ఎఫ్1 (కావాల్సిన వేడి) దగ్గర 28.5, ఎఫ్2 (ఎంత తేడా వస్తే స్విచ్ పడాలో) దగ్గర 0.5, కంప్రెసర్ వెంటవెంటనే ఆన్ కాకుండా ఎఫ్3 దగ్గర 3 నిమిషాలు పెట్టండి. సెన్సర్ కొన గుడ్ల డబ్బా పక్కనే ఉండాలి, గోడకు ఆనకూడదు. ఫ్రిజ్ అడుగున నాలుగైదు రెండు లీటర్ల నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినా వేడి ఒక్కసారిగా ఎక్కదు, దిగదు. ఇదంతా కుదరదంటే ఆ తర్వాతి గుడ్లు పొదిగించకండి. కుళ్లబెట్టుకోవడం కంటే అదే నయం.

ప్రశ్న: మాది కోరాపుట్. చలికాలం రాత్రులు గది 12కి దిగుతుంది. విశ్రాంతికి ఇంత చలి మంచిదే కదా?

జవాబు: కాదు. రాత్రి 18–20, పగలు 24–25 చాలు. 15 కిందికి పోనివ్వొద్దు. మీ ఊళ్లో చల్లబరచాల్సిన పనిలేదు, చలి నుంచి కాపాడుకోవడమే పని. ఇంకో సంగతి, వేడి తగ్గించడానికి 10–14 రోజుల ముందే మేత ఆపండి. ఆ రోజుల్లో వేడి మామూలుగానే ఉండాలి, పొట్ట ఖాళీ కావాలి. తిన్న పురుగు చలికి అరక్క కడుపులోనే కుళ్లుతుంది. చలికాలం చావుల్లో చాలా వాటికి మూలం ఇదే. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. వారానికోసారి తూచండి, పదో వంతు బరువు తగ్గితే విశ్రాంతి అక్కడితో ముగించండి. 50 గ్రాములు లేని ఆడదానికి, ఏడాదిన్నర నిండని దానికి ఈ ఏడు జతే వద్దు.

ప్రశ్న: ఆడా మగా ఒకే పెట్టెలో ఉంచవచ్చా? (రాయగడ)

జవాబు: వద్దు. రెండు మూడు రోజులు కలిపి తీసేయండి. మెడ పట్టి కొరకడం మామూలే, రక్తం కారేంత అయితే వెంటనే విడదీయండి. రెండు మగవి ఎప్పుడూ ఒకచోట ఉండకూడదు.

ప్రశ్న: గుడ్లకు బూజు పడుతోంది, కొన్ని సొట్టలు పోతున్నాయి. ఆడపిల్లలే కావాలంటే ఏం చేయాలి? (పర్లాకిమిడి)

జవాబు: మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ, దానికి తోడు మీరు కొబ్బరి పొట్టు వాడుతున్నామన్నారు. బూజుకు అది మంచి ఇల్లు. గుడ్లు పెట్టే డబ్బాకు కొబ్బరి పొట్టు సరే, పొదిగించడానికి వర్మిక్యులైట్ (నీళ్లు పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు పలుకులు) తీసుకోండి. 100 గ్రాములకు 80–100 గ్రాముల నీళ్లు, కొలతతో కాదు, తూకంతో. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి, ధార కాదు. గుడ్డును సగం వరకు పూడ్చి, పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. అది ఎప్పుడూ పైకే ఉండాలి. గుడ్డు తిరగబడితే లోపలి పిండం చనిపోవచ్చు. కోడిగుడ్డు అలవాటుతో చాలామంది తిప్పేస్తారు. మూత మీద రెండు గుండుసూది బెజ్జాలు, వారానికోసారి నిమిషం సేపు తెరిస్తే గాలి సరిపోతుంది. మూత నుంచి నీటిచుక్క గుడ్డు మీద పడకూడదు.

వారం తర్వాత చీకట్లో ఫోన్ టార్చి పెట్టి చూస్తే ఎర్రటి ఉంగరం, సన్నని నరాలు కనిపిస్తాయి. పసుప్పచ్చగా ఖాళీగా ఉంటే పిల్ల కాదు, బూజు ముందు దానికే పడుతుంది. తొలి వారాల్లో సొట్ట పడితే తేమ చాలలేదని అర్థం. గుడ్డు మీద కాకుండా అంచున కాస్త నీళ్లు పోయండి. ఆఖరి వారంలో సొట్ట పడితే పిల్ల వచ్చే వేళయిందని.

ఆడా మగా తేలేది వేడిని బట్టే, అదీ తొలి నెలలోపే. 26–27 దగ్గర దాదాపు అన్నీ ఆడవి, 30–31 దగ్గర కలగలుపు, 32–33 దగ్గర ఎక్కువ మగవి. 34కి మళ్లీ ఆడవే వస్తాయి గానీ అవి కోపిష్టివి, చాలావరకు గుడ్లు పెట్టవు. ఆ ప్రయోగం వద్దు.

ప్రశ్న: ఆడది నాలుగు రోజులుగా తవ్వుతోంది, గుడ్లు పెట్టడం లేదు, తినడం లేదు. (బరంపురం)

జవాబు: ముందు డబ్బా చూడండి. తడి పొట్టు మూడంగుళాల లోతు లేకపోతే గుడ్లు బిగబట్టుకుంటుంది. వెనక కాళ్లు ఈడుస్తున్నా, పొట్ట ఉబ్బి నీరసంగా ఉన్నా ఆగకుండా భువనేశ్వర్ వెటర్నరీ కాలేజీకి ఫోన్ చేసి బయలుదేరండి. నూనె రాయడం, పొట్ట నొక్కడం చేయొద్దు, లోపల గుడ్డు పగిలితే కష్టం. ఇకముందు చిన్న మూతలో ఉత్త కాల్షియం పొడి ఎప్పుడూ ఉంచండి. పురుగులకు ముందు రోజు మునగాకు మేపండి.

ప్రశ్న: కొండ దగ్గర మచ్చల బల్లి దొరికింది. మా మగదానితో జత కట్టించవచ్చా? (కోరాపుట్ జిల్లా)

జవాబు: కట్టించొద్దు. బ్రాహ్మణి నదికి దక్షిణాన ఒడిశా కొండల్లో, ఉత్తరాంధ్ర కొండల్లో ఉండే ఆ జాతిని 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ అని కొత్తగా వర్ణించారు. మీ పెట్టెలోది వేరే జాతి. పైగా అడవిది పట్టి ఉంచుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద చిక్కుల్లో పడతారు. ఒడియావారు ఇలాంటి బల్లిని ‘కాలకూట’ అంటారు, కరిస్తే చావే అని నమ్మకం. దానికి విషమే లేదు. చీకటి పడ్డాక, దొరికిన రాళ్ల దగ్గరే వదిలి రండి.