ఎండలెలా ఉన్నాయి, మీ దగ్గర?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎండ గురించే. కొందరు డాక్టర్‌ని అడగాల్సినవి నన్నడిగారు, కొందరు ఊరికే కబుర్లు రాశారు. ఆ కబుర్లు కూడా వదలకుండా చదివాను. నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

ప్రశ్న: అక్కా, నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ నల్గొండలో ఒక్కతే ఉంటుంది. రోజూ ఫోన్ చేసి "ఎండలెలా ఉన్నాయమ్మా" అంటే "ఎండాకాలం ఎండలు కాక వానలుంటాయా" అని మాట మార్చేస్తుంది. పోయిన వారం కళ్ళు తిరిగి రోజంతా మంచం మీదే ఉందని పక్కింటి అత్తయ్య చెబితే గానీ నాకు తెలియలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అమ్మని ఏమని అడగాలి?

జవాబు: "ఎలా ఉన్నావమ్మా" అంటే ఏ అమ్మయినా "బానే ఉన్నా" అనే అంటుంది, అంత దూరంలో ఉన్న పిల్లని కంగారు పెట్టడం ఎందుకని. కాబట్టి ఆ ప్రశ్న వదిలెయ్యండి. చిన్న చిన్నవి అడగండి. పొద్దున తోడుపెట్టిన పెరుగు ఏం చేశావు, మజ్జిగ కలిపావా, బిందె నిన్న నింపిందేనా మళ్ళీ నింపావా, రాత్రి ఏ గదిలో పడుకున్నావు, కరెంటు ఎంతసేపు పోయింది. వీటికి "బానే ఉన్నా" అని జవాబు చెప్పడం కుదరదు కదా, ఏదో ఒకటి చెప్పాల్సిందే, అందులోనే మీకు కావలసింది దొరుకుతుంది. సిగ్గుపడకుండా ఇంకోటి కూడా అడగండి, పొద్దున్నుంచి ఒంటేలుకి ఎన్నిసార్లు వెళ్ళావు, పచ్చగా వస్తోందా అని. అమ్మని కూతురు కాక ఎవరడుగుతారు?

వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. ఒంట్లో నీళ్ళు తగ్గుతున్నా నోరు అడగదు. "దాహం వేసినప్పుడు తాగుతాలే" అనే మాట పాతికేళ్ళ వాళ్ళకు సరిపోతుందేమో గానీ అరవై దాటిన వాళ్ళకు సరిపోదు. బీపీ మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని ఒంటేలు ద్వారా బయటికి పంపేవి ఉంటాయి. అమ్మ వేసుకునేవి అలాంటివేమో, ఈ రెండు నెలలు మోతాదు మార్చాలేమో ఆవిడ డాక్టర్‌నే ఒకసారి అడిగించండి. ఎండాకాలమని సొంతంగా మాత్ర మాన్పించవద్దు.

ఇంకో సంగతి, మీరు గమనించారో లేదో. నల్గొండలో ఎండ బాగా ముదిరేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య. అప్పుడు మీకు తెల్లవారుజామున మూడున్నర, అయిదున్నర, అంటే మంచి నిద్రలో ఉంటారు. మీరెంత ప్రేమగా ఫోన్ చేసినా ఆ రెండు గంటలూ మీ చేతిలో లేవు. అవి పక్కింటి అత్తయ్య చేతిలో ఉన్నాయి. ఆవిడకి ఫోన్ చేసి, "అత్తయ్యా, మూడింటికి ఒకసారి గడపలోంచి అమ్మని పలకరించండి, లేచి తలుపు దాకా వచ్చి మాట్లాడుతోందా చూడండి చాలు" అని అడగండి. అడిగితే కాదనరు. పోయిన వారం మీకు చెప్పింది కూడా ఆవిడే కదా.

మాది కొత్తగూడెం. ఎండ అంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండేళ్ళ కింద మా పిన్ని ఫోన్లో మాట్లాడుతుంటే మాటకీ మాటకీ మధ్య చిన్న చప్పుడు వినిపించింది, నాలుక అంగిట్లో అతుక్కుని వదులుతున్నట్టు. ఏమీ లేదు, ఏమీ లేదంటూనే ఉంది. "పిన్నీ, ఫోన్ పెట్టకుండా లేచి ఒక గ్లాసు మజ్జిగ తాగు, నేను వింటా" అన్నాను. తాగింది, రెండో గ్లాసు కూడా తాగింది. అప్పుడు చెప్పింది, పొద్దుటి కాఫీ తర్వాత నోట్లో ఏమీ పోసుకోలేదని. అప్పటికి టైము ఒంటిగంట. మీరు కూడా మాటలతో పాటు గొంతు ఎలా ఉందో వినండి.

ప్రశ్న: వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చి మూడు నెలలైంది. అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరు కనిపించినా "ఎండలు మండిపోతున్నాయి కదండీ" తప్ప ఇంకో మాట లేదు. దానికి ఏమని బదులివ్వాలో తెలియదు, ఇక్కడ ఎవరితోనూ స్నేహం కుదరడం లేదు. ఇంకో సందేహం, అక్కడ 36 డిగ్రీలకే ప్రాణం పోయినట్టుండేది, ఇక్కడ 42 అంటున్నా ఒళ్ళు అంత తడవడం లేదు. నిజంగా ఇక్కడ తక్కువేనా?

జవాబు: రెండో సందేహం ముందు చూద్దాం. తక్కువేమీ కాదు. వైజాగ్‌లో గాలి నిండా తేమ, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అందుకే ఆ ఉక్కపోత. హైదరాబాద్‌లో గాలి పొడి, చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, మీకు తెలియకుండానే ఒంట్లో నీళ్ళు పోతుంటాయి. చొక్కా తడవలేదని నీళ్ళు తక్కువ తాగారంటే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. వాతావరణ శాఖ కూడా రెండింటినీ ఒకే తూకంతో తూచదు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలుగా ఉండాల్సిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు అంటారు, 45 చేరితే ఇక పోలికతో పని లేదు, నేరుగా వడగాడ్పే. సముద్రతీరంలో అయితే 37 నుంచే లెక్క మొదలు, అక్కడా మామూలు కంటే నాలుగున్నర ఎక్కువుండాలి.

ఇక లిఫ్టు సంగతి. ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి. కొత్త మనిషితో కులం, జీతం, పెళ్ళి ఏవీ అడగకుండా మాట కలపడానికి ఎండని మించింది లేదు, ఎందుకంటే అది ఇద్దరి నెత్తినా ఒకేలా పడుతోంది. వాళ్ళు తలుపు తీశారు, మీరు "అవునండీ" అని మూసేస్తున్నారు. ఇంకొక్క మాట కలపండి. "అవునండీ, మాది వైజాగ్, ఈ పొడి ఎండ అలవాటు లేదు, మీరు కూలర్ వాడతారా ఏసీనా" అనండి, లేదంటే "తాటి ముంజలు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయండీ" అనండి. ముంజల సంగతెత్తితే చాలు, లిఫ్టు దిగాక కూడా నిలబడి చెబుతారు చూడండి! పై అంతస్తు వాళ్ళయితే స్లాబు వేడి గురించి అడగండి, వాళ్ళకి అదే పెద్ద బాధ. మేడ మీద సున్నం గానీ తెల్లటి కూల్ పెయింటు గానీ వేయిస్తే కింద గది వేడి తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని మీద కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది. నలుగురూ కలిసి వేయించుకుంటే మేస్త్రీ ఖర్చూ కలిసొస్తుంది, మీకు స్నేహాలూ కుదురుతాయి.

ప్రశ్న: గుంటూరు దగ్గర పల్లె మాది. పోయిన ఏడు ఏప్రిల్‌లో మిరప కల్లంలో మా బాబాయి చెట్టు కింద కూలబడ్డాడు. అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడాడు. నీళ్ళు తాగించబోతే కొరబోయింది, జ్వరమనుకుని పారాసిటమాల్ వేశాం. అప్పటికి జేబులో ఉల్లిపాయ కూడా ఉంది. ఆటో దొరికేసరికి ముప్పావు గంట పట్టింది. దేవుడి దయవల్ల బతికాడు కానీ నెల రోజులు లేవలేదు. మేం చేసింది తప్పా? మళ్ళీ అలా అయితే ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, మీరు తెలిసినంతలో చేశారు, బాబాయి మీ మధ్య ఉన్నాడు, ఆ బెంగ వదిలెయ్యండి. ఈ ఏడు కోసం మాత్రం శ్రద్ధగా చదవండి, వీలైతే కల్లంలో పనిచేసే వాళ్ళందరికీ చదివి వినిపించండి.

ఎండలో పనిచేసే మనిషి మాట తడబడినా, మనుషుల్ని పోల్చలేకపోయినా, తాగినవాడిలా తూలినా అది అలసట కాదు, వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటి మెదడు దాకా తాకిందన్నమాట. చెమటలు పడుతున్నాయి కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు, పని చేస్తూ పడినవాళ్ళకి చెమట ఉండొచ్చు. ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి, మిగతా వాళ్ళు ఆ క్షణం నుంచే ఒళ్ళు చల్లబరచాలి. అంబులెన్సు వచ్చేదాకా, ఆటో దొరికేదాకా ఆగకూడదు. నీడలోకి చేర్చి, చొక్కా విప్పి, ఉన్న నీళ్ళన్నీ ఒంటి మీద పోసి, తడిగుడ్డలు కప్పి, అట్టముక్కతోనో తువ్వాలుతోనో ఆపకుండా విసరాలి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. ఆటోలో తీసుకెళ్తున్నా దారిపొడవునా తడుపుతూనే ఉండాలి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో మాత్రం చుక్క నీరు కూడా పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మీకు కొరబోయింది అందుకే. పారాసిటమాల్ జ్వరానికి పనిచేస్తుంది గానీ వడదెబ్బ వేడికి పనిచెయ్యదు.

ఉల్లిపాయ గురించి బాధగానే చెబుతున్నాను. మా తాతయ్య కూడా పెట్టుకునేవాడు, నాకూ ఆ వాసనంటే ఆయనే గుర్తొస్తాడు. కానీ జేబులో ఉల్లిపాయ వడదెబ్బను ఆపదు. పెట్టుకుంటే నష్టం లేదు, అది ఉంది కదా అని పన్నెండింటికి ఎండలో నిలబడితేనే నష్టం. 2015 మే నెల గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడు వడగాడ్పులకి దేశంలో రెండు వేల మందికి పైగా పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. కల్లం పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపించండి, మళ్ళీ నాలుగు తర్వాతే. కూలీ తగ్గించకుండా ఆపించండి, తగ్గిస్తే ఎవరూ నీడకి రారు.

ప్రశ్న: కర్నూల్లో కొత్త కుండ కొన్నాను, కుళాయి ఉన్నది, చక్కగా పువ్వులు వేసి రంగు పూసింది. నీళ్ళు అసలు చల్లబడటం లేదు. మోసపోయానా?

జవాబు: మీ చెయ్యి కుండ మీద పెట్టి చూడండి. నీళ్ళు పోసిన గంటకి పైన చెమ్మ తగలాలి. తగలకపోతే ఆ రంగే కారణం. మట్టికి కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి నీళ్ళు పైకి ఊరి, ఆరిపోతూ లోపలి వేడిని పట్టుకుపోతాయి. రంగు పూస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఈసారి పువ్వులు లేని ఉత్త కుండ కొని, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, తడి ఇసుక మీద, కిటికీ గాలి తగిలేచోట పెట్టండి. వంటింట్లో పొయ్యి పక్కన మాత్రం వద్దు. తోమడానికి సబ్బు వాడొద్దు, కొబ్బరి పీచు చాలు. మీది పొడి గాలి కాబట్టి కుండ బాగా పనిచేస్తుంది. రంగు కుండ పారెయ్యకండి, మేడ మీద పిట్టలకి నీళ్ళు పెట్టడానికి పనికొస్తుంది.

ప్రశ్న: పిల్లలకి ఓఆర్‌ఎస్ అని దుకాణంలో టెట్రా ప్యాక్ ఇస్తున్నారు, తియ్యగా ఉంటుందని వాళ్ళూ ఇష్టంగా తాగుతున్నారు. రోజూ ఇవ్వచ్చా?

జవాబు: వద్దు. అలాంటి ప్యాకుల్లో చాలావాటిలో చక్కెర మరీ ఎక్కువ. అసలైన ఓఆర్‌ఎస్ అంటే ఇరవైన్నర గ్రాముల పొడి, లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలిపేది, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉంటుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఈ తియ్యటి డబ్బాల మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ కూడా, ఆ ఫార్ములా లేని పానీయాలకి ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని ఆదేశించింది. పేరు కాదు, వెనక రాసింది చదవండి. అది కూడా విరేచనాలైనప్పుడో బాగా నీరసించినప్పుడో ఇచ్చేది. మామూలు రోజుల్లో నీళ్ళు, ఉప్పేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి చాలు.

ప్రశ్న: మిట్టమధ్యాహ్నం పార్సిల్ తెచ్చిన అబ్బాయికి మంచినీళ్ళు కావాలా అంటే "పర్లేదు మేడమ్" అని వెళ్ళిపోతాడు. మొహం చూస్తే వాడిపోయి ఉంటుంది. బలవంతం చేస్తే బాగుండదేమో?

జవాబు: "కావాలా" అని అడక్కండి. టైము లెక్కలో పరుగెత్తే పిల్లాడు కావాలనడు. పార్సిల్ వస్తుందని ఫోన్లో తెలుస్తుంది కదా, గ్లాసు నింపి తలుపు దగ్గరే ఉంచండి. ఓటీపీ చెప్పేలోపు "ఇందా బాబూ, తాగేసి వెళ్ళు" అని చేతికందించండి. చేతిదాకా వచ్చిన నీళ్ళని మనవాళ్ళెవరూ కాదనరు. మా ఇంట్లో ఇప్పుడు గడప పక్కన స్టూలు మీద చిన్న కూజా, రెండు స్టీలు గ్లాసులు ఉంటున్నాయి. నిన్న ఒకబ్బాయి తాగి, రెండో గ్లాసు తనే ఒంపుకుని, "మీ ఇల్లు గుర్తుంది మేడమ్, ఈ వైపు ఎప్పుడొచ్చినా ఆగుతా" అన్నాడు. కూజా పెద్దది తెద్దామనుకుంటున్నాను.