మీరడిగారు: స్కిన్ల పందెంలో ఏ సైటు నయం?

ప్రశ్న: అన్నా, నేను తిరుపతిలో బీటెక్ మూడో సంవత్సరం, కరకంబాడి రోడ్డు పక్కన హాస్టల్లో ఉంటాను. రాత్రిళ్లు కౌంటర్ స్ట్రైక్ 2 అనే తుపాకుల ఆట ఆడతాం, ఇన్వెంటరీలో (ఆట ఖాతాలో) మంచి స్కిన్లే, అంటే తుపాకులకూ కత్తులకూ వేసుకునే డిజైన్లే ఉన్నాయి. రూమ్మేట్ మూడు సైట్లు చూపించాడు. ఒకదాంట్లో పేఅవుట్ 95 శాతం అని రాసుంది, రెండోది ప్రూవబ్లీ ఫెయిర్ అంటోంది, మూడోది కోడ్ కొడితే బోనసు, విత్‌డ్రా నిమిషంలో అంటోంది. ఏది నయం? జూదం తప్పు అనే లెక్చరు మాత్రం వద్దన్నా, అది మా నాన్న రోజూ ఇస్తున్నాడు.
— పేరు రాయొద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: సరే తమ్ముడూ, లెక్చరు లేదు, లెక్కే ఉంది. నువ్వు రాసిన మూడు మాటలూ మూడు వేరే వేరే సంగతులు. వాటిని పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అని చూడటం కుదరదు. నీకు అసలు కావాల్సిన నాలుగో సంగతి ఆ మూడు సైట్లలో ఏ ఒక్కటీ పెద్ద అక్షరాల్లో రాయలేదు. నీ స్కిన్ను ఎంతకు లోపలికి తీసుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు ఎంతకు ఇస్తారు, అదీ సంగతి.

ముందు ప్రూవబ్లీ ఫెయిర్ చూద్దాం, అందరూ పడేది దానికే కాబట్టి. రౌండు మొదలవకముందే సైటు తన దగ్గర ఒక రహస్య సంఖ్య పెట్టుకుంటుంది, దాన్ని సర్వర్ సీడ్ అంటారు. దాని హ్యాష్‌ను, అంటే ఆ సంఖ్య వేలిముద్ర లాంటిదాన్ని, నీకు ముందే చూపిస్తుంది. నీ వైపు నుంచి క్లయింట్ సీడ్ ఒకటి ఉంటుంది, ఎన్నో పందెమో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, ఈ మూడూ కలిపితే ఫలితం వస్తుంది. తర్వాత సర్వర్ సీడ్ బయటపెట్టినప్పుడు నువ్వే హ్యాష్ చేసి, ముందు చూపించినదానితో సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. ఇది దొంగ లెక్క కాదు, గణితం నిజంగానే పనిచేస్తుంది. కాకపోతే రెండు చూసుకోవాలి, హ్యాష్ పందేనికి ముందు చూపిస్తున్నారా, క్లయింట్ సీడ్ నీ ఇష్టం వచ్చినట్టు మార్చనిస్తున్నారా. ఈ రెండూ లేకపోతే ఆ మాటకు అర్థమే లేదు.

రెండూ ఉన్నాయనుకో. అప్పుడు రుజువయ్యేది ఏమిటంటే, నువ్వు పందెం కాశాక వాళ్లు ఫలితం మార్చలేదని. అంతవరకే. ఫలితం వాళ్లకు ముందే తెలియదని ఆ హ్యాష్ చెప్పదు, ఎందుకంటే సర్వర్ సీడ్ ఉండేది వాళ్ల దగ్గరే. 2016లో సీఎస్‌గో డైమండ్స్ అనే సైటు, తాను డబ్బిచ్చి ప్రచారం చేయించుకుంటున్న ఒక స్ట్రీమర్‌కు రాబోయే ఫలితాలు ముందే చెప్పామని తానే ఒప్పుకుంది, చూసేవాళ్లకు థ్రిల్ ఉండాలని. స్ట్రీమ్‌లో ఎవరో ఖరీదైన కత్తి స్కిన్ గెలిచి కేకలు పెడుతుంటే ఈ కథ గుర్తు తెచ్చుకో. అదే ఏడాది బయటపడ్డ సీఎస్‌గో లాటో సంగతి ఇంకా ఘోరం, ఇద్దరు పెద్ద యూట్యూబర్లు ఆ సైటు తమదేనని చెప్పకుండా, ఎక్కడో దొరికినట్టు నటిస్తూ అందులో గెలుస్తున్న వీడియోలు పెట్టారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంటే 2017 సెప్టెంబర్‌లో రాజీకొచ్చారు. నీ రూమ్మేట్ కొట్టమన్న ఆ కోడ్ కూడా ఎవరిదో ఆలోచించు, ఆ కోడ్‌తో నువ్వు చేరితే నీ మీద వచ్చేదాంట్లో ఆ కోడ్ ఓనరుకు వాటా వెళ్లడం మామూలే.

ఇక పేఅవుట్ శాతం. పాత రకం రౌలెట్ తీసుకుందాం, లెక్క తేలిక. చక్రం మీద 15 గళ్లు, 7 ఎరుపు, 7 నలుపు, 1 ఆకుపచ్చ. ఎరుపు, నలుపులకు రెండింతలు, ఆకుపచ్చకు 14 రెట్లు. ఎరుపు మీద 15 రూపాయలు కాస్తే సగటున 14 తిరిగొస్తాయి, ఆకుపచ్చ మీద కాసినా అంతే. అంటే 93.33 శాతం. నువ్వు ఏ రంగు మీద కాసినా, ఎంత 'సిస్టమ్' వేసినా, ఓడినప్పుడల్లా రెట్టింపు చేసినా ఆ 6.67 శాతం కదలదు. ఇక్కడ అందరూ పొరబడేది ఏమిటంటే 95 శాతం అంటే నా 100లో 95 మిగులుతాయి అనుకుంటారు. అది ఒక్కో పందేనికి. గెలిచిన కాయిన్లే (స్కిన్‌కు బదులు సైటు ఇచ్చే బిళ్లలే) మళ్లీ కాస్తావు కదా, కాసిన ప్రతిసారీ కోత పడుతుంది.

ఒక ఉదాహరణ వేస్తాను, అంకెలు నావి. నీ దగ్గర బయట వెయ్యి రూపాయలకు నగదుగా అమ్ముడయ్యే ఏకే-47 రెడ్‌లైన్ అనే స్కిన్ ఉందనుకో. సైటు దానికి 900 కాయిన్లు ఇచ్చింది. నువ్వు జాగ్రత్తపరుడివి, పందేనికి 20 కాయిన్లే, ఒక సాయంత్రం 225 సార్లు తిప్పావు (అర నిమిషానికో రౌండు పడే చోట ఇది రెండు గంటల పని కూడా కాదు). మొత్తం తిప్పింది 4500, అందులో పదిహేనో వంతు 300 సగటున సైటుకు పోయింది, 600 మిగిలాయి. విత్‌డ్రా షాపులో చూస్తే బయట 540కి దొరికే స్కిన్ అక్కడ 600 కాయిన్లు. వెయ్యి కాస్తా 540 అయింది. ఇందులో మోసం ఎక్కడా జరగలేదు చూడు, హ్యాష్ సరిపోయింది, శాతం సరిపోయింది, విత్‌డ్రా కూడా వచ్చింది! పోయిన 460లో 160, అంటే మూడో వంతు పైచిలుకు, లోపలికెళ్లే గేటు దగ్గరా బయటికొచ్చే గేటు దగ్గరా పోయింది. జాతరలో లోపలా బయటా అనే పేకాట ఆడించేవాడు ముక్కలు నిజాయితీగానే కలిపినా, అక్కడ నోట్లకు బిళ్లలిచ్చేవాడు రెండు వైపులా కోత కోస్తే ఎలా ఉంటుందో అలా.

కాబట్టి నిజంగా పోల్చాలంటే రూపాయి పెట్టకుండానే పోల్చొచ్చు. ఒకే స్కిన్, ఒకే వేర్, అంటే అరుగుదల స్థాయి (ఫీల్డ్ టెస్టెడ్ అయితే రెండుచోట్లా ఫీల్డ్ టెస్టెడే), దానికి సైటు డిపాజిట్‌లో ఇస్తానన్న కాయిన్లు, అదే స్కిన్‌కు విత్‌డ్రా షాపులో అడుగుతున్న కాయిన్లు. రెంటికీ మధ్య తేడా ఎంతో చూడు. ఫ్లోట్ (అరుగుదల చెప్పే అంకె) తక్కువున్నదానికీ, నువ్వు అంటించిన ఖరీదైన స్టిక్కర్లకూ డిపాజిట్‌లో ఏమైనా కలుపుతున్నారా, లేక మామూలు రేటేనా అదీ చూడు. స్టీమ్ (ఈ ఆట చేసిన వాల్వ్ కంపెనీ ఆన్‌లైన్ దుకాణం) మార్కెట్ ధరతో మాత్రం పోల్చకు, అక్కడ 15 శాతం ఫీజు ఉంది, పైగా ఆ డబ్బు స్టీమ్ వాలెట్ దాటి నీ బ్యాంకుకు రాదు. బయట నగదు ధర దానికంటే తక్కువే ఉంటుంది.

నిమిషంలో విత్‌డ్రా అన్నదాని మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. నిమిషంలో వచ్చేది నీ ఇన్వెంటరీలోకే. 2018 మార్చి నుంచి ట్రేడ్‌లో వచ్చిన స్కిన్ను 7 రోజులు ఇంకొకరికి ఇవ్వలేవు. 2025 జూలై నుంచి ఆ 7 రోజుల్లో ట్రేడ్‌ను వెనక్కి తిప్పే వీలు కూడా ఉంది. ఈలోపు ధర పడితే నీదే నష్టం. 2025 అక్టోబర్‌లో వాల్వ్ చిన్న మార్పొకటి చేసింది, ఐదు కోవర్ట్ (అరుదైన రకం) స్కిన్లు ఇస్తే కత్తో గ్లవ్సో వచ్చేలా. రాత్రికి రాత్రి కత్తుల ధరలు కుప్పకూలాయి. అంటే నీ చేతిలో ఉన్న 'డబ్బు' విలువ ఇంకో కంపెనీ ఎప్పుడు ఏం అప్‌డేట్ ఇస్తుందో దాని మీద ఉంది. ఆ కంపెనీకి ఈ సైట్లంటే పడదు కూడా, 2016 జూలైలోనే 23 సైట్లకు ఆపమని నోటీసులిచ్చింది. సైటు నీ స్కిన్లు దాచే బాట్ ఖాతాలను (ప్రోగ్రాం నడిపే ఖాతాలను) వాల్వ్ బ్లాక్ చేస్తే అందులో ఉన్న నీ స్కిన్లూ అక్కడే ఉండిపోతాయి.

నువ్వు వద్దన్నా ఒక్క ముక్క చెప్పాలి, ఇది నీతి కాదు, చట్టం. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో పందెం అంటే రూపాయలే అని లేదు, డబ్బుతో కొన్న కాయిన్లు, టోకెన్లు, వస్తువులు కూడా లెక్కే. అందులో ఆడించేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా, ఆడేవాడికి శిక్ష లేదు. కానీ మన రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను అందులోకి తెచ్చింది, దాంట్లో ఆడేవాడూ తప్పించుకోలేడు. అందుకే మూడింట్లో ఇది నయం అని పేరు చెప్పను. అవి మూడూ నష్టానికే, ఏది ఎంత త్వరగా అన్నదే తేడా.

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీంస్‌పేట. మావాడు పదో తరగతి. ఫోన్లో బీజీఎంఐ ఆడుతూ స్కిన్లకని నా ఫోన్‌పే నుంచి రెండుసార్లు కొన్నాడు. ఇదీ పందేలేనా సార్?
— ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, పైన చెప్పిన పందేలు కాదు, కంగారు పడకండి. బీజీఎంఐలో యూసీ (ఆటలో వాడే డబ్బు) పెట్టి కొన్న డ్రెస్సులు, తుపాకీ స్కిన్లు ఇంకో ఆటగాడికి మార్కెట్లో అమ్ముకునే వీల్లేదు, అందుకే వాటి మీద బయట సైట్లు నడవవు. ఆ వ్యాపారం ట్రేడింగ్ ఉన్న కౌంటర్ స్ట్రైక్, డోటా 2, రస్ట్ లాంటి కంప్యూటర్ ఆటల్లోనే. అయినా లక్కీ క్రేట్, లక్కీ స్పిన్ అని ఉంటాయి కదా, వాటిలో ఏమొస్తుందో తెలియకుండా డబ్బు పెట్టడమే. కౌంటర్ స్ట్రైక్ పెట్టెల సంగతి చూస్తే తెలుస్తుంది, చైనాలో చట్టం అడిగితే 2017లో బయటపెట్టిన లెక్క ప్రకారం కత్తి వచ్చే అవకాశం 0.26 శాతం. అంటే సుమారు 385 పెట్టెలకు ఒకటి. పెట్టె తెరిచే తాళం చెవి 2.49 డాలర్లు, తాళం చెవులకే సుమారు 960 డాలర్లు.

మీ అబ్బాయితో గొడవ పడేముందు ఎందులో పెట్టాడో ఆటలోనే పర్చేజ్ హిస్టరీ తెరిచి చూడండి. నచ్చిన డ్రెస్సు ఒకటి ధర చూసి కొనుక్కున్నాడా, స్పిన్ల మీద స్పిన్లు తిప్పాడా? రెండోదైతే కూర్చోబెట్టి మాట్లాడాలి. యూపీఐ పిన్ మాత్రం ఈ రాత్రికే మార్చండి, వాడి పుట్టినరోజు పెట్టకండి.

ప్రశ్న: అన్నా, నేను పద్మావతి యూనివర్సిటీలో చదువుతున్నాను. స్కిన్ల ధర చూసే సైటని ఒక లింకు వస్తే స్టీమ్‌తో లాగిన్ అయ్యాను. వారం తర్వాత నేను నా ఫ్రెండుకు పంపిన గ్లవ్స్ ఎవరికో వెళ్లాయి. ఫోన్లో కన్ఫర్మ్ చేసింది నేనే. ఎలా జరిగింది?
— పాఠకురాలు, తిరుపతి

జవాబు: చెల్లెమ్మా, దీన్ని ఏపీఐ స్కామ్ అంటారు. ఆ లాగిన్ పేజీ నకిలీది, నీ పాస్‌వర్డ్, కోడ్ తీసుకుని నీ ఖాతాలో ఏపీఐ కీ (నీ ట్రేడ్లను ఇంకో ప్రోగ్రాం చూడనిచ్చే రహస్య కోడ్) ఒకటి సృష్టించుకున్నారు. అప్పటినుంచీ నీ ట్రేడ్లు వాళ్లకు కనబడుతున్నాయి. నువ్వు ఫ్రెండుకు ఆఫర్ పంపగానే దాన్ని రద్దు చేసి, అచ్చం నీ ఫ్రెండు పేరు, ఫొటో పెట్టిన ఖాతాకు అదే ఆఫర్ పంపారు. నువ్వు ఫోన్లో పేరు చూసి నొక్కావు. వారం ఆగింది కూడా అందుకే, ఖరీదైనది కదిలేదాకా ఊరుకుంటారు.

ఇప్పుడు వెంటనే స్టీమ్ వెబ్‌సైట్‌లో ఏపీఐ కీ పేజీకి వెళ్లి కీ ఉంటే తీసెయ్, అన్ని పరికరాల నుంచి లాగౌట్ చెయ్, పాస్‌వర్డ్ మార్చు, ట్రేడ్ లింకు కొత్తది తీసుకో. ట్రేడ్ జరిగి 7 రోజులు కాకపోతే ట్రేడ్ హిస్టరీలోంచి వెనక్కి తిప్పే వీలుంది, ఈ కాలమ్ చదువుతూ కూర్చోకుండా ముందు అది చూడు. ఇకనుంచి కన్ఫర్మ్ చేసేటప్పుడు పేరు చూడొద్దు, అవతలి ఖాతా స్టీమ్ లెవెల్, ఎప్పుడు చేరిందో ఆ తేదీ చూడు. పేరు, ఫొటో ఎవడైనా పెట్టుకుంటాడు, తేదీ మార్చలేడు.

ప్రశ్న: మా అన్న ఒక స్కిన్ సైట్లో గెలిచాడు. విత్‌డ్రా అడిగితే కేవైసీ అన్నారు, పంపితే ఇంకా 8 వేలు డిపాజిట్ చేస్తే రిలీజ్ చేస్తామంటున్నారు. అంతకుముందు గెలిచినది యూపీఐలో ఎవరి ఖాతా నుంచో వచ్చింది, ఇప్పుడు బ్యాంకు ఖాతా ఫ్రీజ్ అయింది. కేసు పెట్టొచ్చా?
— చంద్రగిరి నుంచి

జవాబు: గెలిచినదాని కోసం కోర్టుకెళ్లి లాభం లేదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచింది ఇప్పించమని దావా వేయలేరు. సైటు కింద కురసావో లైసెన్సు అని ఉన్నా చంద్రగిరి నుంచి ఆ దీవిని ఎవరు పట్టుకుంటారు? ఆ 8 వేలు మాత్రం కట్టనివ్వకండి. అది మోసమే, దాని మీద సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకుండా ఉంచండి. కేవైసీ పేరుతో ఆధార్, పాన్ పంపాడు కాబట్టి ఆ కాగితాలతో వేరే ఖాతాలు తెరిచే ప్రమాదం ఉంది, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయించి, క్రెడిట్ రిపోర్టు అప్పుడప్పుడూ చూసుకోమనండి.

ఖాతా ఎందుకు ఆగిందంటే, మీ అన్నకు డబ్బు పంపిన ఆ ఎవరిదో ఖాతా ఇంకెక్కడో సైబర్ మోసంలో ఉండి ఉంటుంది. ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలన్నీ పోలీసులు ఆపుతారు. బ్రాంచికి వెళ్లి ఏ రాష్ట్రం, ఏ స్టేషన్, ఏ ఫిర్యాదు నంబరు మీద ఆపారో, ఎంత మొత్తం మీద ఆపారో కాగితం మీద అడిగి తీసుకోండి. తర్వాత ఆ స్టేషన్‌కు రాసేటప్పుడు ఫ్రెండు ఇచ్చాడు, అప్పు తీర్చాడు లాంటి కథలు అల్లొద్దు, అవతల వాళ్ల దగ్గర లావాదేవీల చిట్టా అంతా ఉంటుంది. దగ్గర్లో ఉన్న వకీలును ఒకసారి కలిసి ఆ జవాబు రాయించుకోండి.