టెక్ సందేహాలు: బూట్ వేగం కోసం డీబగ్ తీసేయాలా?

ప్రశ్న: కోల్డ్ స్టోరేజీలకు ఉష్ణోగ్రత కంట్రోలర్లు చేస్తున్నాం. ఏఎం335ఎక్స్ చిప్‌తో సొంత బోర్డు, బూట్‌లోడర్‌గా (లైనక్స్‌ను లోడ్ చేసి నడిపించే ప్రోగ్రామ్) యూ-బూట్, ఆపైన లైనక్స్. కరెంటు పోయి జనరేటర్ అందుకున్న ప్రతిసారీ స్క్రీన్ వచ్చేసరికి చాలా ఆలస్యమవుతోంది. బూట్‌లోడర్‌లో డీబగ్ (లోపాలు వెతకడానికి వాడే సందేశాలు, కమాండ్ ప్రాంప్ట్) మొత్తం తీసేయమంటున్నారు. తీసేస్తే రేపు బోర్డు మొరాయించినప్పుడు మా గతేంటి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: తీసేయకండి. రోజూ బూటయ్యే దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపితే చాలు.

ముందు కొలవండి. యూ-బూట్‌లో బూట్‌స్టేజ్ ఆప్షన్ ఆన్ చేస్తే 'బూట్‌స్టేజ్ రిపోర్ట్' కమాండ్ ఏ దశకు ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో చూపిస్తుంది. చాలాసార్లు సమయం తినేది బూట్‌లోడర్ కాదు, సందేశాలను బయటికి పంపే సీరియల్ పోర్టు. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) దగ్గర అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకు 11,520 అక్షరాలే. కెర్నెల్ (లైనక్స్ మూల భాగం) లాగ్ 30,000 అక్షరాలుంటే అది బయటికి రావడానికే 2.6 సెకన్లు పోతాయి. బూట్‌ఆర్గ్స్‌లో (కెర్నెల్‌కు యూ-బూట్ అందించే ఆప్షన్లు) 'క్వయట్' చేర్చండి. లాగ్ ఎక్కడికీ పోదు, డీమెసేజ్ కమాండ్‌తో చూసుకోవచ్చు. కెర్నెల్ పానిక్ అయితే (కోలుకోలేని లోపంతో ఆగిపోతే) ఆ సందేశం కన్సోల్ మీదికి అప్పటికీ వస్తుంది.

తర్వాత బూట్‌డిలే, అంటే ఎవరైనా కీ నొక్కి ఆపుతారేమోనని యూ-బూట్ వేచి ఉండే సమయం. డీఫాల్ట్ 2 సెకన్లు. ఆగకుండా వెళ్తుందని -1 పెడుతుంటారు. అది ఆటోబూట్‌నే ఆపేసి ప్రాంప్ట్ దగ్గర నిలబెడుతుంది. 0 పెడితే వేచి ఉండదు గానీ, అప్పటికే ఏదైనా కీ వచ్చిందేమో ఒకసారి చూస్తుంది. అసలు చూడకుండా పోవాలంటే -2.

మీ విషయంలో 0 కూడా ప్రమాదమే. కరెంటు రాగానే కంప్రెసర్ మోటార్లూ మీ బోర్డూ ఇంచుమించు ఒకేసారి లేస్తాయి. సీరియల్ ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్ దేనికీ కట్టకుండా వదిలేసి ఉంటే, దాని మీద పడ్డ నాయిస్‌ను ఎవరో కీ నొక్కారనుకుని యూ-బూట్ ఆగిపోతుంది. బోర్డు బాగానే ఉంటుంది, స్క్రీన్ మాత్రం రాదు. ఆర్‌ఎక్స్ నుంచి 3.3 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల పుల్-అప్ (పిన్‌ను హై స్థాయిలో నిలిపే రెసిస్టర్) తప్పనిసరిగా వేయండి, బూట్‌డిలే -2 పెట్టండి.

మరి బోర్డు మొరాయిస్తే యూ-బూట్ ప్రాంప్ట్‌లోకి దారి? ఒక జీపీఐఓ (సాధారణ ఇన్‌పుట్/ఔట్‌పుట్) పిన్‌కు పుల్-అప్, గ్రౌండ్‌కు జంపర్. యూ-బూట్‌లోని బోర్డ్_లేట్_ఇనిట్ ఫంక్షన్‌లో ఆ పిన్ చదివి, జంపర్ ఉంటే బూట్‌డిలేను 5 చేయండి. ఈ పనికి ఎల్‌సీడీ డేటా లైన్లు 0 నుంచి 15 వాడకండి: ఎక్కణ్నుంచి బూట్ కావాలో చిప్ తెలుసుకునేది పవర్ రాగానే వాటిని చదివే.

ఇంతచేసినా చాలకపోతేనే ఫాల్కన్ మోడ్. ఇందులో ఎస్‌పీఎల్ (పూర్తి యూ-బూట్‌కు ముందు నడిచే చిన్న లోడర్) నేరుగా కెర్నెల్‌ను లేపుతుంది కాబట్టి పూర్తి యూ-బూట్ లోడయ్యే సమయం మిగులుతుంది. అయితే బోర్డ్_లేట్_ఇనిట్ నడవదు, అందుకే అదే జంపర్‌ను ఎస్‌పీఎల్_స్టార్ట్_యూబూట్ ఫంక్షన్‌లో చదవాలి. బూట్‌ఆర్గ్స్ మార్చిన ప్రతిసారీ 'ఎస్‌పీఎల్ ఎక్స్‌పోర్ట్' చేసి, ఆ ఫలితాన్ని మళ్లీ స్టోరేజీలో రాయాలి. మరిచిపోతే పాతవే నడుస్తాయి. అప్‌డేట్ చెడితే పాత కెర్నెల్‌కు తిప్పే స్క్రిప్టు మీకు యూ-బూట్‌లో ఉంటే అదీ పనిచేయదు. ఆ పని ఎస్‌పీఎల్‌లో రాసుకునేదాకా ఫాల్కన్ జోలికి వెళ్లొద్దు.