పాత రీఫ్ ట్యాంక్‌లోకి కొత్త రాళ్లు: పెదనాన్న లేఖ

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

ఐదేళ్లుగా నిలకడగా నడుస్తున్న నీ 120 గ్యాలన్ల, పగడాలు పెంచే ఉప్పునీటి రీఫ్ ట్యాంక్‌లో కుడివైపు మూల బోసిగా ఉన్నదనీ, అక్కడ పేర్చడానికి 30 పౌండ్ల డ్రై రాక్ (జీవం లేని ఎండు రాళ్లు) కొన్నావనీ, వాటిని కుళాయి కింద కడిగి ఈ శనివారమే పెట్టేయవచ్చునా అనీ రాశావు. పెట్టవద్దు. ఆ రాళ్లు నీ ట్యాంక్‌లో అడుగుపెట్టడానికి రెండు నెలలు పడుతుందని ముందే మనసులో అనుకుని, ఈ ఉత్తరం చివరి వరకూ చదువు.

పన్నెండేళ్ల కిందట హ్యూస్టన్‌లోని మా ఇంట్లో నేను ఇదే తొందర పడ్డాను. శుభ్రం చేసినవేనని అమ్మినవారు చెప్పిన మాట నమ్మి, రాళ్లను నీళ్లతో మాత్రమే కడిగి పెట్టాను. రెండో రోజున, ఏడో రోజున చేపలకు విషమైన అమోనియా ఉందా అని చూస్తే సున్నా వచ్చింది. గండం గడిచిందని నిశ్చింతగా ఉన్నాను. ఐదో వారంలో ఆ కొత్త రాళ్ల మీద, కేవలం వాటి మీదే, వెంట్రుకల్లాంటి పచ్చని నాచు, హెయిర్ ఆల్గే, మొలిచింది. నాచుకు ఆహారమయ్యే ఫాస్ఫేట్ నీటిలో ఎంతుందో కొలిస్తే దాదాపు ఏమీ కనిపించలేదు, ఎందుకంటే రాయి నుంచి ఊరిన ఫాస్ఫేట్ నీటిలో కలిసేలోపే ఆల్గే దాన్ని తాగేస్తోంది. నేను సంగతి గ్రహించి రాళ్లను బయటికి తీసేసరికి అది పక్కరాళ్లకు పాకి, ఆరేళ్లుగా పెంచుకున్న ఆక్రోపోరా పగడాన్ని మొదలు నుంచి కమ్మేసి చంపింది. ఆ నష్టం నీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నీవు కొన్నది ఫ్లోరిడా నేల మీది గనుల నుంచి తవ్వి తెచ్చిన రాయి అన్నావు. అక్కడి కీ లార్గో ప్రాంతపు సున్నపురాయి సుమారు 1,25,000 ఏళ్ల కిందట, సముద్రమట్టం ఇప్పటికన్నా ఎత్తుగా ఉన్న రోజుల్లో బతికిన పగడపు దిబ్బ. సముద్రం వెనక్కి తగ్గాక నేలగా మిగిలింది. ఇటువంటి రాయి కాల్షియం కార్బొనేట్. ఫాస్ఫేట్ దానికి ఇట్టే అంటుకుంటుంది, చుట్టూ ఉన్న నీటిలో ఫాస్ఫేట్ తగ్గినప్పుడు మెల్లగా విడిచిపెడుతుంది. మట్టి, వేర్లు, గనిలో నిలిచిన నీరు, ఎవరి ట్యాంక్‌లోనో ఇదివరకు వాడిన రాయైతే వారి చేపలకు వేసిన మేత, ఇవన్నీ దాని రంధ్రాలలో దాగి ఉండవచ్చు. అమోనియా గురించి మనమంతా భయపడతాం గాని, ఐదేళ్ల ట్యాంక్‌లోని బ్యాక్టీరియా కొద్దిపాటి అమోనియాను తట్టుకుంటుంది. తట్టుకోలేనిది నెలల తరబడి ఊరే ఈ ఫాస్ఫేట్‌నే.

ముందు గట్టి బ్రష్‌తో తోమి, కంటికి కనిపించే మట్టినీ ఎండిన నాచునూ వదిలించు. తరువాత సువాసన గాని, చిక్కదనం కోసం కలిపే పదార్థాలు గాని లేని మామూలు బ్లీచ్ ఒక వంతుకు పది వంతుల నీరు కలిపి, అందులో రాళ్లను ఒక రోజంతా నానబెట్టు. బ్లీచ్ రంధ్రాలలోని కుళ్లిన పదార్థాన్ని కాల్చివేస్తుంది. ఫాస్ఫేట్‌ను మాత్రం తీసివేయలేదు. పిమ్మట రెండు మూడు నీళ్లలో జాడించి, క్లోరిన్‌ను తొలగించే మందు కలిపిన నీటిలో మరొక రోజు ఉంచి, ఆస్టిన్ ఎండలో వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టు.

రాయి పైపొరను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కరిగించి, దానితోపాటు ఫాస్ఫేట్‌ను కూడా వదిలించే పద్ధతి ఒకటి ఉంది. అది పనిచేస్తుంది గాని, ఇంట్లో చిన్నపిల్ల తిరుగుతున్న నీకు నేను దాన్ని చెప్పను. ఒకవేళ ఎప్పుడైనా చేయవలసి వస్తే ఆరుబయట, చేతి తొడుగులూ కళ్లద్దాలూ ధరించి, ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదు. బ్లీచ్ తడి ఆరని రాయికి ఆమ్లం తగిలితే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది కనుక, ఈ రెండింటినీ ఒకే రోజున చేరువలో కూడా ఉంచకూడదు.

ఇక అసలు పని ఊరబెట్టడం. ఆహారపదార్థాలు నిల్వచేసే రకం పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో పూర్తిగా వడగట్టి శుద్ధిచేసిన ఆర్ఓ డీఐ నీటితో కలిపిన ఉప్పునీరు నింపి, ఉప్పదనం (సాలినిటీ) నీ ట్యాంక్‌లో ఉన్నంతే, అంటే వెయ్యికి 35 వంతుల దగ్గర ఉంచి, ఒక హీటర్‌తో 78 డిగ్రీల ఫారన్‌హీట్ వేడిమి నిలిపి, రాళ్లన్నింటి మధ్యా నీరు తిరిగేలా ఒక బలమైన పంపు పెట్టు. మూత వేసి చీకటిగా ఉంచు; వెలుగు తగిలితే ఆల్గే అక్కడే మొలకెత్తుతుంది. నీ ట్యాంక్ కింది వడపోత తొట్టి అయిన సంప్‌లో ఉన్న పాత రాతిముక్క ఒకటి తెచ్చి ఇందులో వేస్తే, తోడు వేసిన పాలలాగా బ్యాక్టీరియా కొత్త రాళ్లకు అంటుకుంటుంది. వారానికొకసారి అమోనియా, ఫాస్ఫేట్ రెండూ కొలిచి కాగితం మీద రాసుకుని, సగానికి పైగా నీరు మార్చు. ఫాస్ఫేట్ మొండిగా దిగకపోతే లాంథనం క్లోరైడ్ చుక్కలు చుక్కలుగా వేయవచ్చు. అది ఫాస్ఫేట్‌ను పట్టుకుని తెల్లని పొడిగా అడుగుకు దిగుతుంది, దాన్ని తోడిపారేయాలి. చేపలున్న ట్యాంక్‌లో ఆ మందు అజాగ్రత్తగా వేస్తే ప్రమాదం గనుక, దాన్ని వాడవలసిన చోటు ఈ డ్రమ్మే.

నీరు మార్చిన మరునాడు కొలిచి తృప్తిపడటం చాలామంది చేసే పొరపాటు. ఆ అంకె కొత్త నీటిది, రాయిది కాదు. ఆరేడు వారాలు గడిచాక ఒకసారి నీరంతా మార్చి, మందులేవీ వేయకుండా, పంపూ హీటరూ మాత్రం నడుస్తుండగా ఏడు రోజులు కదపకుండా వదిలేసి, ఎనిమిదో రోజున కొలువు. అమోనియా సున్నా, ఫాస్ఫేట్ 0.1 పీపీఎం (పది లక్షల వంతులలో 0.1 వంతు) కన్నా తక్కువ ఉంటే రాయి సిద్ధమైనట్లు. లేకపోతే మరో రెండు వారాలు, మళ్లీ అదే పరీక్ష.

సముద్రం నుంచి జీవంతో వచ్చే లైవ్ రాక్ తెప్పించనా అని కూడా అడిగావు. ఫ్లోరిడా తీరంలో సహజమైన లైవ్ రాక్‌ను తీయడం 1990 దశకంలోనే పూర్తిగా నిషేధించారు. ఇప్పుడు దొరికేది అనుమతితో సముద్రంలో రాళ్లు వేసి, జీవం పట్టాక తీసేది. మంచిదే, కాని పగడాలను కుట్టే ఐప్టేసియా, చేపలను వేటాడే మాంటిస్ రొయ్య వంటివి దానితో దిగుతాయి. నిలదొక్కుకున్న ట్యాంక్‌లోకి నేనైతే తేను. వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు రామేశ్వరం నుంచి పగడపు రాయి తెస్తానని కోడలు అన్నదట. రాతి పగడాలన్నింటికీ 2001 నుంచి అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉంది. ఒడ్డున పడి ఉన్న ఎండిన ముక్కనైనా తాకవద్దని ఆమెకు నా మాటగా చెప్పు.

పేర్చడం బయటే పూర్తిచేయి. రాళ్లకు రంధ్రాలు వేసి అక్రిలిక్ కడ్డీలతో కలిపి, ఎపాక్సీతో బిగించి, గట్టిపడ్డాక మళ్లీ ఉప్పునీటిలో ఒక రోజు ఉంచు. తాజా ఎపాక్సీ ట్యాంక్‌లో పడితే నురగతో మురికిని లాగే స్కిమ్మర్ ఆ నురగతోనే పొంగిపోతుంది. తరువాత మూడు విడతలుగా, విడతకు రెండు వారాల ఎడంతో పెట్టు. శుభ్రమైన రాయి ఈసారి ఎదురు పని చేస్తుంది: నీ ట్యాంక్‌లోని ఫాస్ఫేట్‌ను తానే పీల్చుకుంటుంది. ఫాస్ఫేట్ అడుగంటితే పగడాలు పాలిపోతాయి, డైనోలు (డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు) అల్లుకుంటాయి. వాటిని వదిలించడం హెయిర్ ఆల్గే కన్నా కష్టం. అందువల్ల మొదటి నెలలో మూడు రోజులకొకసారి కొలిచి, ఫాస్ఫేట్ 0.03 పీపీఎం కన్నా తగ్గుతుంటే చేపలకు మేత కాస్త పెంచు. ఆల్కలినిటీ (నీటి క్షారత) కూడా చూస్తూ ఉండు. కొత్త ఉపరితలం మీద కాల్షియం కార్బొనేట్ పేరుకుని ఆల్కలినిటీ ఒక్కసారిగా పడిపోవచ్చు. రాళ్ల పైన కాఫీరంగు పొర కొద్ది వారాలు కనిపించినా కంగారుపడి మందులు పోయకు, నత్తలు చూసుకుంటాయి.

ఈ శనివారం డ్రమ్ము, బ్లీచ్ కొను. ఎనిమిదో రోజు అంకె వచ్చినప్పుడు, అది ఎంతైనా సరే, ముందు నాకు ఫోన్ చేసి చెప్పు. ఆ తరువాతే మొదటి రాయి ఎత్తు.

ఇట్లు,
మీ పెదనాన్న