మీ ప్రశ్న – మా జవాబు: ట్యాంకు అలారం కిట్ల ధర, ఫిర్యాదులు, జీఎస్టీ

ప్రశ్న: నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. మిద్దెమీది నీళ్ల ట్యాంకు నిండగానే మోగే అలారాన్ని పిల్లలే బిగించుకొనేలా కిట్టుగా తయారు చేశాను. అందులో బోర్డు, రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, బజరు, ట్యాంకులోకి దించే తీగలు ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీ ఎవరికి వారు కొనుక్కోవాలి. విడిభాగాలకు రూ.140 పడుతోంది కనుక, మొదటి విడతగా యాభై కిట్లు చేసి, ఒక్కొక్కటి రూ.180కి అమ్మాలనుకుంటున్నాను. తిరుపతిలో ఇద్దరు సైన్సు ఉపాధ్యాయులు అడిగారు. చెన్నై దుకాణదారు ఒకరు కూడా పంపమంటున్నారు. ఈ ధర సరిపోతుందా? జీఎస్టీ తీసుకోవాలా? పనిచేయడం లేదని ఎవరైనా తిరిగి పంపితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రూ.180 సరిపోదు. విడిభాగాలకు రూ.140, కవరు, కాగితాలకు రూ.20, పోయినవాటికీ పాడైనవాటికీ బదులు ఇచ్చేందుకు రూ.10 వేసుకోండి. ఒక కిట్టు సర్దడానికి పావుగంట పడితే, గంటకు రూ.120 చొప్పున మీ కూలి రూ.30 అవుతుంది. అంటే అసలు ఖర్చే రూ.200. ఇంట్లో కూర్చుని చేసే పనికి కూలి కట్టుకోకపోవడం మన దగ్గర మామూలే గానీ, రేపు సాయానికి ఒకరిని పెట్టుకుంటే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ధర రూ.350గా పెట్టి, దుకాణానికి నూటికి 30 వదిలినా మీకు రూ.245 వస్తుంది, రూ.45 మిగులుతుంది. తపాలా ఖర్చు వేరుగా తీసుకోండి.

మీరు చివర అడిగిన ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇలాంటి కిట్లలో తిరిగివచ్చేవాటిలో చాలావరకు భాగం చెడిపోయి రావు. లెక్క తప్పో, ఒకదాని బదులు మరొకటి పడో వస్తాయి. రెసిస్టరు విలువను దానిమీది రంగు చారలే చెబుతాయి. 1 కిలో ఓము రెసిస్టరు మీద గోధుమ, నలుపు, ఎరుపు చారలుంటాయి. 10 కిలో ఓముల దానిమీద మూడో చార మాత్రమే నారింజ. రాత్రిపూట ట్యూబులైటు కింద సర్దేవారికి ఈ రెండూ ఒక్కలాగే కనబడతాయి. అందుచేత రెసిస్టర్లను అవి వరుసగా అంటి వచ్చే టేపునుంచి విడదీయకుండా ముక్కలుగా కత్తిరించి, విలువను ఆ టేపుమీదే రాసి, ఒక విలువ యాభై కవర్లలోనూ పడిన తరువాతే రెండో విలువను బల్లమీదికి తీయండి.

ట్రాన్సిస్టర్ల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. బీసీ547 రకం లేదని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు అమ్మే రిచీ వీధిలో 2ఎన్3904 రకం ఇస్తే, బోర్డు మార్చకుండా దాన్ని వాడకండి. చదునైన ముఖం మనవైపు పెట్టి చూస్తే మొదటిదాని కాళ్లు ఎడమనుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు వరుసలో ఉంటాయి; రెండోదానివి సరిగ్గా దానికి తిరగబడి ఉంటాయి. బొమ్మ చూసి బిగించిన పిల్లవాడి తప్పేమీ లేకపోయినా బజరు మోగదు, లేదా సన్నగా మూలుగుతుంది.

తెలుగులో సూచనల కాగితం రాసి, సోల్డరింగు (సోల్డరు తీగ కరిగించి భాగాలను బోర్డుకు అతకడం) ఎన్నడూ చేయని విద్యార్థి ఒకరికి కిట్టుతోపాటు ఇచ్చి, నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ కాగితం మార్చాలి. ట్యాంకు ఎక్కే ముందు రెండు తీగలనూ గ్లాసు నీళ్లలో ముంచి చూడమని తప్పక రాయండి. సోల్డరులో సీసం ఉంటే, పని ముగిశాక చేతులు కడుక్కోమనీ రాయాలి. తీగల కొసలు ఉత్త రాగివైతే నీటిలో కరెంటు ఒకే దిక్కున పారడంవల్ల పాజిటివ్ వైపు కొస పచ్చబారి అరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడడం మేలు. ఇంత చేసినా వచ్చే ఫిర్యాదులకు వాదించకుండా కొత్త భాగాలు పంపండి, రూ.10 వేసుకొమ్మన్నది అందుకే.

జీఎస్టీ సంగతికొస్తే, సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షల టర్నోవరు వరకు రిజిస్ట్రేషను అక్కరలేదు. అయితే ఈ మినహాయింపు రాష్ట్రం దాటి అమ్మేవారికి లేదు. మీకు విజయవాడకంటే చెన్నై దగ్గరే అయినా, అక్కడి దుకాణానికి పంపే మొదటి కిట్టుతోనే రిజిస్ట్రేషను తప్పనిసరి అవుతుంది. ఆపైన అమ్మకం లేని కాలానికి కూడా రిటర్నులు వేస్తుండాలి. యాభై కిట్లకోసం ఆ భారం ఎత్తుకోవద్దనే మా సలహా. మొదటి విడత తిరుపతి, చిత్తూరు బడుల్లోనే అమ్మి, చెన్నై వారిని కొన్నాళ్లు ఆగమనండి. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు మాత్రం ఉచితం, ఆధార్, పాన్‌లతో ఆన్‌లైన్‌లోనే అవుతుంది, ఇప్పుడే చేసుకోండి.

ముందుగా సర్ది అమ్ముతున్నారు కనుక కవరుమీద మీ పేరు, చిరునామా, సరుకు పేరు, పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండాలి. ప్యాకింగు చేసేవారిగా తూనికలు కొలతల శాఖలో నమోదు కూడా అవసరం.

బ్యాటరీ బదులు అడాప్టరు పెట్టమని ఉపాధ్యాయులు అడగవచ్చు, ఒప్పుకోకండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషను గుర్తు లేని చవక అడాప్టరును, అదీ తడి చేతులతో ట్యాంకు దగ్గర నిలబడే పిల్లల చేతికి, మీ పేరున్న కవరులో పెట్టి ఇవ్వడం ఏ ధరకూ గిట్టుబాటు కాదు.