టెంకాయ చెట్టు మొవ్వు ఎండిపోతోంది, ఏ మందు వెయ్యాలి?

పెరట్లో టెంకాయ చెట్టు నడిమి మొవ్వు ఎండిపోతోంది, ఏ మందు వెయ్యాలి, అసలు ఈ తెగుళ్ళ మీద పరిశోధనలు చేసేవాళ్ళ వల్ల మనకేమన్నా ఉపయోగం ఉందా అని అడిగారు. రెండోదానికే ముందు చెప్తాను, దాని మీద నాకు కడుపుమంట ఉంది. ఉపయోగం ఉంది. మనమే వాళ్ళ దగ్గరికి పోము. అంగడికి పోయి "మొవ్వు ఎండుతోందన్నా, ఏదన్నా ఇయ్యి" అంటాం, ఆయన ఏదో ఒకటి ఇస్తాడు.

నేనూ అదే చేశాను. మాది పాకాల దగ్గర పల్లె. 2021 నవంబరులో తిరుపతి మునిగిన వానలు గుర్తున్నాయి కదా, అవి తగ్గిన కొన్నాళ్ళకు మా బావి దగ్గర రెండు టెంకాయ చెట్లకు నడిమి ఆకు వాడి పసుపు రంగుకు తిరిగింది. పక్క చేని ఆయన చెట్టుకు మొదలు దగ్గర బంక కారితే హెక్సాకొనజోల్ వేరుకు కట్టి బాగు చేసుకున్నాడు. పెన్సిలు లావు వేరును ఏటవాలుగా కోసి, మందు నీళ్ళ కవరులో ముంచి కట్టేస్తే చెట్టే తాగేస్తుంది. నేనూ అదే కట్టాను. అంగడాయన కూడా "బూజు మందే గదా, అన్నిటికీ పనిచేస్తుంది" అన్నాడు. మూడు వారాలు చూశాను, ఏమీ లేదు. వాట్సాప్‌లో ఎవరో పెట్టారని మా ఆవిడ మొవ్వులో ఉప్పు కూడా పోయించింది. చెట్టెక్కే మనిషి దొరకడమే గగనం, దొరికినోణ్ణి ఉప్పుకోసం ఎక్కించామన్నమాట.

సంక్రాంతికి మా అక్క కూతురు వచ్చింది. తిరుపతి వ్యవసాయ కళాశాలలో మొక్కల తెగుళ్ళ మీదే పీజీ చేస్తోంది. ఇంట్లో మనిషిని పెట్టుకొని అంగడి చుట్టూ తిరిగాను చూడండి! మనిషిని ఎక్కించి మొవ్వు పట్టి లాగమంది. లాగీ లాగకముందే ఊడి చేతిలోకి వచ్చేసింది, మొదలంతా గుజ్జు, చచ్చిన ఎలుక కంపు. మేమంతా ముక్కు మూసుకుంటే ఆ పిల్ల దగ్గరికి పోయి మరీ చూసి, "మామా, నువ్వు కట్టింది గానోడెర్మాకు, అంటే చెట్టు మొదలు దగ్గర బంక కారే బూజు రోగానికి వేసే మందు. ఇది మొవ్వు కుళ్ళు, ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అది అసలు బూజే కాదు" అంది.

చూడ్డానికి బూజులాగే ఉంటుందంట, జాతి వేరు. హెక్సాకొనజోల్ బూజు ఒంట్లో, దాని కణాల పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ అనే పదార్థం తయారు కాకుండా ఆపుతుంది. ఫైటోఫ్తోరా దాన్ని తయారే చేసుకోదు. లేని ఇంటికి తాళం వేసినట్టయింది నా పని. గోదావరి దిక్కు తాటిచెట్లు ఈ రోగంతోనే చస్తుంటే బట్లర్ అనే దొర పరిశోధన చేసి 1907లోనే దీనికి పేరు పెట్టాడు. నూరేళ్ళు దాటినా ఆ సంగతి మా అంగడిదాకా రాలేదు.

దీనికి రాగి మందు పనిచేస్తుంది. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలిపితే బోర్డో పేస్టు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి, ఇనుప పాత్రలో వద్దు. కలిపాక ఇనుప కత్తి ముంచితే దానికి రాగి రంగు పట్టకూడదు, పట్టిందంటే ఇంకా సున్నం పడాలి. ఆ కత్తి ముంచే పని మా అక్క కూతురు నాతోనే చేయించింది, మూడుసార్లు. కుళ్ళిందంతా తెల్లటి మంచి భాగం కనపడేదాకా చెక్కించి, పేస్టు పూసి, వాన నీళ్ళు దిగకుండా కవరు కప్పాం. చుట్టూ ఉన్న చెట్లకు అదే మందును పలచగా, ఒక శాతం బోర్డో మిశ్రమంగా కొట్టాం.

ఒక చెట్టు పోయింది. టెంకాయకు ఎదిగే మొగ్గ ఒక్కటే, అది కుళ్ళాక దేవుడొచ్చినా పక్కనుంచి పిలక రాదు. దాన్ని నరికి తగలబెట్టాం. రెండోది మెల్లగా కొత్త మొవ్వు తీసింది, మొదటి రెండు ఆకులు వంకరగా, పొట్టిగా వచ్చాయి గానీ ఇప్పుడు కాయలున్నాయి.

మీరు మొవ్వు ఎండిందని మాత్రమే రాశారు. లాగితే ఊడుతోందా, కంపు కొడుతోందా, చెట్టు మొదలు దగ్గర బంక ఏమన్నా కారుతోందా? అది చూసి రాయండి. ముక్క తీసుకొని కాలేజీకో పరిశోధనా స్థానానికో పోయేటట్టయితే కాగితంలో చుట్టండి, ప్లాస్టిక్ కవరులో పెడితే దారిలోనే చెమ్మ పట్టి ఇంకా కుళ్ళిపోతుంది.