తెర మీది చుక్క వయసు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. యుద్ధరంగంలోని సైనిక రేడియో నెట్‌వర్కులను కంప్యూటరులో అనుకరించి పరీక్షించడం గురించి తెలుగులో రాయబూనడం మెచ్చదగిన పనే. అయితే మూడు పేజీలు ఆయుధాల మోతతో నింపి, అసలు సంగతిని చివరి పేరాలో ముక్తసరిగా ముగించావు.

కమాండరు తెర మీద ఒక్కో వాహనం ఎక్కడుందో చూపే ప్రతి చుక్కకూ ఒక వయసు, అంటే ఆ సమాచారం ఎంత పాతదన్న లెక్క, ఉంటుంది. అదే అసలు సంగతి. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు 10 మీటర్లు జరుగుతుంది కనుక, దాని స్థానం తెలిపే సందేశం 30 సెకన్లు ఆలస్యమైతే చుక్క 300 మీటర్లు వెనకబడి ఉంటుంది. ఫిరంగి గురిపెట్టిన చోట మనవాళ్లున్నారో లేరో ఆ చుక్కను చూసే తేల్చుకోవలసిన అధికారి సంకటం నీ పాఠకుడికి అందాలి.

మొన్న మా మేనకోడలు తిరుమల బస్సెక్కి ఫోనులో లొకేషన్ పంపింది. అలిపిరి దాటిన కాసేపటికి చుక్క నిలిచిపోయింది. చాలాసేపటికి ఒక్కసారిగా ఎగిరి కొండ మీద వాలింది. ఈలోగా బస్సు ఆగిపోయిందేమోనని మా ఇంట్లో ఒకటే కంగారు. ఆగింది బస్సా, చుక్కా? అనుకరణ చేసేవారు వేసుకునే ప్రశ్నా ఇదే.

వాహనాల సైనిక రేడియోలు వాడే వీహెచ్‌ఎఫ్ (అతి ఎక్కువ పౌనఃపున్యపు) తరంగాలు చాలావరకు సూటిగా పోతాయి. సమతల నేల మీద రెండు వైపులా 4 మీటర్ల ఎత్తున యాంటెనాలుంటే రేడియో అందే హద్దు సుమారు 16 కిలోమీటర్లని లెక్క చెబుతుంది గాని, మధ్యలో చంద్రగిరి కొండలాంటిది అడ్డొస్తే ఆ లెక్క చెల్లదు. అందుకే నేల ఎత్తుపల్లాల వివరాలను అనుకరణలోకి ఎక్కించాలి. అలా కొండ అడ్డొచ్చినప్పుడు ఒక వాహనం సందేశాన్ని మరొక వాహనం అందుకుని ముందుకు పంపవలసి వస్తుంది. నడుమ ఒకటి తప్పుకుంటే కొత్త దారి వెతుక్కోవడానికి పట్టే సమయం కూడా చుక్క వయసులోనే చేరుతుంది.

నీవు వాడిన కదలిక నమూనాలో ప్రతి సైనికుడూ సంతలో తప్పిపోయిన పిల్లవాడిలా తనకు తోచిన వైపు నడుస్తాడు. నిజంలో దళం నాయకుడి వెంట కలిసి కదులుతుంది కాబట్టి సంబంధాలు తెగితే గుంపుగానే తెగుతాయి. నెట్‌వర్కులను అనుకరించే ఎన్ఎస్-3 వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో గుంపు కదలికను రాసుకోవచ్చు. ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను మాత్రం ఫలితమని రాయకు; యాదృచ్ఛిక సంఖ్యలు మార్చి పలుమార్లు నడిపి, అంకెలు ఎంత మేర చెదిరాయో కూడా చెప్పు.

‘సాంగ్రామిక పరిస్థిత్యవగాహన’ అన్న సమాసం నోరు తిరగదు, తీసివెయ్యి; యుద్ధరంగంలో పరిస్థితి ఎరుక అంటే చాలు. ఈ విషయం మీద పరిశోధించిన మైకా ఎండ్‌స్లీ 1995లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఈ ఎరుకలో మూడు మెట్లున్నాయి: చుట్టూ ఉన్నది గమనించడం, దాని అర్థం గ్రహించడం, తరువాత ఏమవుతుందో ఊహించడం. నెట్‌వర్కు ముఖ్యంగా తోడ్పడేది మొదటి మెట్టుకే. మిగతా రెండూ మనిషి బుర్రలో జరిగేవి గనుక, సందేశాలన్నీ చేరాయి కాబట్టి అధికారికి అంతా తెలిసిపోయిందన్న నీ వాక్యం నిలవదు.

తిరగరాసి పంపు. ఈసారి నిలిచిపోయిన చుక్కతోనే మొదలుపెట్టు. ఫిరంగులు రెండో పేజీ దాకా ఆగగలవు.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు